ఆఖరి బస్సులో చెస్ట్‌నట్ సంచి

"సంచి కువైట్ దాటకూడదు. దొరికిన చోటే కాల్చెయ్. పనైతే రేపటి బస్సెక్కి వచ్చెయ్. అదే ఆఖరి బస్సు. ఓవర్."

ఢిల్లీ గొంతు ఆగిపోయింది. ఏజెంట్ నాగేంద్రప్రసాద్ బుల్లి ట్రాన్స్‌మీటర్‌ను సబ్బుపెట్టెలో దాచాడు.

అల్ రాయ్ గోడౌన్లో అతను క్లీనర్ సిద్ధయ్య. నివాస అనుమతి కార్డు ఇఖామాలోనూ ఆ పేరే. సొంత పేరుతో పిలిచే మనిషి లేక ఏళ్లయింది. ఇరాక్ సైన్యం దిగాక గదిలో పక్క మంచాలు కూడా ఖాళీ అయిపోయాయి. ఇంటికి వెళ్లాలని ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ గూఢచారికి మొదటి పాఠం నోరు కట్టుకోవడం. అది అతనికి మరీ బాగా వంటబట్టింది.

శత్రువుల ప్లాన్ సింపుల్. ఒక విదేశీ ముఠా ఆ సంచిలో చెస్ట్‌నట్ కాయలు పంపుతోంది. తొక్క మీద బూజు, లోపల పురుగు. అవి మన కొండల్లోని తోటలకు చేరితే చెట్ల బెరడు కుళ్లుతుంది, కాపు పురుగుల పాలవుతుంది. తర్వాత మందు అమ్మేదీ ఆ ముఠాయే.

మర్నాడు ఉదయం అబూ హలీఫాలో, మనవాళ్లను ఇంటికెళ్లే విమానం దాకా చేర్చే ఆఖరి బస్సు ఇంజన్ స్టార్టయింది. నాగేంద్రప్రసాద్ ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాడు. వెనక గుప్పున సెంటు వాసన.

"అత్తరు అయిపోయిందండి," అంది జ్యోతిలక్ష్మి. అది కోడ్. ఆవిడ కాకినాడ అందగత్తె, డబుల్ ఏజెంట్.

"ఇంత లేటా?"

"రెండు వైపులా ఉద్యోగం కదండీ, తీరికెక్కడిది? ఎర్ర సంచి. రెడ్డెమ్మ ఒళ్లో ఉందండి. పాపం, ఆవిడకేం తెలీదు. బొంబాయిలో ఎవరికో ఇమ్మన్నారంట."

రెడ్డెమ్మ అబూ హలీఫాలో 'మామా' అని పిలిచే యజమానురాలి ఇంట్లో పనిచేసే కడప మనిషి, సిద్ధయ్యగా అతన్ని ఎరుగును. నాగేంద్రప్రసాద్ బస్సులోకి దూకాడు.

"సంచి ఇటివ్వమ్మా. ఇచ్చిన సేటు తిరిగి తెమ్మన్నాడు."

"ఇస్తాగానీ సిద్ధయ్యన్నా, ఒక మాట..."

అతను వినలేదు. సంచి లాక్కుని, కాల్చడానికి దిగబోయాడు.

"దిగితే ఖలాస్. మళ్లీ ఎక్కనివ్వను. యల్లా, తొందరగా," అన్నాడు డ్రైవర్.

అతని సీటు కిటికీ పక్కనే ఖాళీగా ఉంది. దాన్ని ఒక్కసారి చూసి దిగిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. బస్సు కదిలింది. రెడ్డెమ్మ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"పచ్చివి దూరం పోతే చెడిపోతాయని అన్నీ మాడేదాకా వేయించినాన్నా. మన చెనిక్కాయల మాదిరి. అవేమో టపటపా పేలి మామా వంటిల్లంతా ఆగం చేసినాయి. తినచ్చులే అన్నా."

కడప మనిషి వేయించిన కాయలు లేకుండా ప్రయాణం కట్టదు. ఆ సంగతి ముఠాకూ తెలియదు, ఢిల్లీకీ తెలియదు.

అతను సంచి విప్పాడు. నల్లగా మాడిన కాయలు. బూజు బూడిదైంది, పురుగులు వేగిపోయాయి. కాల్చడానికి ఇంకేం మిగల్లేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ ఆవిడ చెబుతానన్నా వినలేదు. బస్సు మలుపు తిరిగింది. రోడ్డు మీద అతనొక్కడే మిగిలాడు.

సాయంత్రం ట్రాన్స్‌మీటర్ పలికింది.

"మిషన్?"

"సక్సెస్."

"గుడ్. శాంపిల్ భద్రపరిచి ఉంచు."

నాగేంద్రప్రసాద్ ఒళ్లో తొక్కల వైపు చూసుకున్నాడు.

"భద్రంగానే ఉంది సార్," అన్నాడు పొట్ట నిమురుకుంటూ.