ఆడు ముట్టని ఆకు

ఆ పొద్దున ఆకాశం మబ్బు పట్టింది గాని, అది కురిసే మబ్బు కాదు. మూతపడ్డ బంగారు గనులు వదిలిన సైనైడ్ మట్టి దిబ్బల మీంచి గాలి తెల్లటి దుమ్ము లేపి ఆ మబ్బులోనే కలుపుతోంది. అలాంటి రోజున ఆండర్సన్‌పేటలో ముసలివాళ్ల దగ్గు వీధి చివరిదాకా వినిపిస్తుంది.

ఏజెంట్ మునిశంకర్ మేకల బేరగాడి వేషంలో, ఒక మేకను పట్టుకుని, గనిలో పనిచేసి రిటైరైన వెంకటేశప్ప ఇంటిముందు నిలబడ్డాడు. ఇయర్‌పీస్‌లో చీఫ్ మోహన్‌కుమార్ గొంతు పొడిగా పలికింది.

"పది గంటలకు కెమెరా ముందు ట్రయల్. ఫస్ట్ పేషెంట్ వెంకటేశప్ప. మన ల్యాబ్ మెరుగుపరచి పెంచిన ఆకులోని రసాయనం ఊపిరిగొట్టాల చుట్టూ బిగుసుకున్న కండరాన్ని సడలిస్తుంది. గాలికి దారి దొరుకుతుంది. ఇది గెలిస్తే ఫారిన్ రింగ్ అమ్మే ఇన్‌హేలర్లకు దెబ్బ. అందుకే కెమెరా ముందే పేషెంట్‌ను చంపాలని వాళ్ల ప్లాన్."

"చంపేదెవరు?"

"తెలీదు. రింగ్‌లో ఉన్న మన మనిషి రశ్మి డాక్టర్‌గా వస్తుంది. ఆమె చెప్పినట్టు చెయ్."

నల్ల కారు ఆగింది. పట్టుచీర, చలువ కళ్లద్దాలు, చేతులకు గ్లోవ్స్. రశ్మి దిగి, "మేక ఎంత?" అంది. కోడ్ వర్డ్.

"పాలియ్యదు, పోరు మాత్రం ఇస్తాది."

మూడేళ్లుగా ఆమె పంపే సమాచారం మీదే అతను ప్రాణాలతో తిరుగుతున్నాడు.

ఆమె ఆకుల కట్టను ఎదుట నిలబెట్టిన కెమెరాకు కనబడేలా అరుగు మీద పెట్టి, ఫ్లాస్కులోని కషాయాన్ని గ్లాసులోకి వంచింది.

"బంగారమంతా తవ్వేసినారు," వెంకటేశప్ప ఎగరొప్పుతూ అన్నాడు. "ఇంగ మా ఎదలో ఉండే దుమ్ము గూడా తవ్వుకుంటారా డాక్టరమ్మా?"

"నోరు మూసుకోని తాగు," భార్య చిన్నవెంకటమ్మ కసిరింది. "ఎకసక్కాలకి మాత్రం వస్తాది నీకి ఊపిరి." రశ్మి వైపు తిరిగింది. "ఆకు పట్టేకి ఆ తొడుగులేంటికమ్మా?"

"దీని పేరు ఆడుముట్టద అట కదా. ఆడవాళ్లు ముట్టకూడదేమోనని."

చిన్నవెంకటమ్మ పడీపడీ నవ్వింది. "ఆడోళ్ల మాట కాదమ్మా అది! కన్నడంలో ఆడంటే మేక. మేక ముట్టని ఆకు."

మునిశంకర్ చూపు అరుగు మీదికి పోయింది. అతని మేక మెడ చాచి ఆకుల కట్టను కమ్మగా నములుతోంది. సగం అయిపోయింది.

అతని సొంతూరు గౌనిపల్లిలో ఆ చెట్టును చేల చుట్టూ కంచెగా నాటేది, ఏ మేకా మూతి పెట్టదనే. అంటే ఈ ఆకు అది కాదు. మరి గ్లాసులో ఉన్నదేమిటి?

గ్లాసు ముసలాయన పెదవి తాకింది. మునిశంకర్ ఒక్క దూకులో దాన్ని చేత్తో కొట్టి పడేశాడు. రశ్మి చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. పిస్టల్ బయటికి వచ్చేలోగా చిన్నవెంకటమ్మ రోకలి ఆ మణికట్టు మీద పడింది.

"నా మొగుణ్ని తిట్టేదాన్ని నేనుండాను గదే! చంపేకి నువ్వెవతివి?"

బీడీకట్టలో దాచిన టెస్ట్ స్ట్రిప్‌ను మునిశంకర్ ఒలికిన కషాయంలో ముంచాడు. ఎర్రబడింది. ఊపిరిగొట్టాలను బిగించి చంపే విషం.

"అసలు ఆకు యాడ?" అతనికి తెలియకుండానే ఇంటి భాష వచ్చేసింది.

"చెన్నై పోర్టులో, కంటైనర్లో," రశ్మి అంది. "నర్సరీలో మిగిలిన మొక్కలు నిన్న తగలబెట్టాను."

"మూడేండ్లు నాకు..."

"మూడేళ్లూ నిజమే చెప్పాను మునీ. ఈ ఒక్క రోజు కోసం."

ఆమెను డిపార్ట్‌మెంట్ జీపు తీసుకెళ్లింది. మోహన్‌కుమార్ మళ్లీ పలికాడు. "వెల్ డన్. కంటైనర్ పట్టుకున్నాం. మొక్కలు మాత్రం చచ్చిపోయాయి, ఆ రకం ఇంకెక్కడా లేదు. ట్రయల్ క్యాన్సిల్, ఫైల్ క్లోజ్. రశ్మి అనే మనిషి మనకెప్పుడూ లేదు."

"సార్, వెంకటేశప్పకు మందు?"

లైన్ కట్.

చిన్నవెంకటమ్మ మూడు కంచాల్లో రాగిముద్ద పెట్టి చారు పోసింది. ముద్దకూ ముద్దకూ మధ్య వెంకటేశప్ప ఊపిరి కోసం ఆగుతున్నాడు.

రాగిముద్దను నమలరు, మింగుతారు. పదిహేనేళ్ల సర్వీసులో మునిశంకర్‌కు బాగా వచ్చిన పని అదొక్కటే.