బండి నడుస్తుండగా మాట్లాడరాదు

మూడు వందల తొంభై ఎనిమిదో ఆటకి సాక్షిగా సంతకం పెట్టేసరికి ఇందుమతి టీ చల్లారిపోయింది. అలాగే తాగేసింది. ఈ ఏడాది ఆమె వేడి టీ తాగిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"తరవాతిది," అంది.

"మూడు వందల తొంభై తొమ్మిది. చేపల చెరువు ఆట. చివరి వారంలో ఆడినవారు ఇద్దరు. ప్రాణ ప్రశ్నకు ఇద్దరూ జవాబివ్వలేదు. ఇద్దరూ నీడలు," అంది క్రమిక. గోడలోంచి వచ్చే ఆ యంత్రం గొంతుకి అలసట అంటూ ఉండదు. పొద్దున్న తొమ్మిదింటికి ఎలా ఉందో మధ్యాహ్నం రెండింటికీ అలాగే ఉంది. ఇందుమతికి ఒళ్ళు మండేది అందుకే.

ఆమె బొటనవేలు పలక మీద ఆనించింది. ప్రాణం: సున్నా. మూత.

డిసెంబరు ముప్ఫై ఒకటి. సాయంత్రం ఆరింటికి ఆటల వార్షికం వెలువడాలి. అది వెలువడిన క్షణాన, ఏడాది పొడుగునా మూత పత్రాలు రాసిన ఆటలన్నీ ఒక్కసారే ఆరిపోతాయి. మధురవాడ కొండ మీద ఈ సింహావలోకన విభాగంలో ఒకప్పుడు పద్నాలుగు మంది పనిచేసేవారు. ఇప్పుడు సాక్షిగా ఇందుమతి ఒకతె, విభాగాధిపతి ఒకడు. మిగతాదంతా క్రమికే.

వార్షికం చిత్తుప్రతి కూడా క్రమికే రాసింది. "ఆటలకు ఇది స్వర్ణయుగం" అని మొదలైంది. పోయిన ఏడాదీ అలాగే మొదలైంది. ఇందుమతి "స్వర్ణ" అన్న మాట కొట్టేసి కింద చదివింది.

ఉగాదికి ఆరో తరం మెడపట్టీ కన్సోల్ వచ్చింది. దానికి మీట ఒక్కటీ లేదు. వేళ్ళతో పని లేకపోవడమే దాని గొప్పట. శ్రావణంలో విడుదలైన "ఏడు సంద్రాలు" ఆటను ఎనిమిది కోట్లమంది కొన్నారు. చివరిదాకా తామే స్వయంగా ఆడినవాళ్ళు రెండు వందల మంది. మిగిలినవాళ్ళ తరఫున వాళ్ళ నీడలు, అంటే వాళ్ళ ఆటతీరు నేర్చుకున్న యంత్రాలు, ఆడాయి. పొద్దున్న పోయి రాత్రికి ఇల్లు చేరేవాడికి ఆడే తీరికెక్కడిది? నీడ ఆడుతుంది, గెలుస్తుంది, పతకం తెస్తుంది. వాడు దాన్ని నలుగురికీ చూపించుకుంటాడు. దసరా పోటీల ఫైనల్లో రెండు నీడలు తలపడితే, యజమానులిద్దరూ ముందు వరసలో కూర్చుని కునుకు తీశారు. ఆకలి ఒకడిది, భోజనం ఇంకొకడిది. ఇదీ ఈ ఏటి ఘనత. అంతకన్నా చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదని ఇందుమతి అభిప్రాయం. కానీ వార్షికంలో అభిప్రాయాలకి చోటు తీసేసి మూడేళ్ళయింది.

యంత్రం నడిపే ఆటని యంత్రమే ఆడుతుంటే కరెంటు దండగ. అందుకే ప్రాణ ప్రశ్న పెట్టారు. ఆట మధ్యలో గంట మోగి తెర మీద "మీరున్నారా?" అని వస్తుంది. ముప్ఫై సెకన్లలో జవాబు చెప్పాలి. మూడుసార్లు చెప్పకపోతే ఆడుతున్నది నీడ. నీడలే మిగిలిన ఆటకి మూత. సంతకం పెట్టేముందు సాక్షి స్వయంగా ఆటలోకి వెళ్ళి చూడాలని నిబంధన. ఇందుమతి చైత్రంలో వెళ్ళింది, వైశాఖంలో వెళ్ళింది. వెళ్ళిన ప్రతిచోటా క్రమిక చెప్పిందే నిజమైంది. రోజుకి నాలుగు ఖాళీ లోకాలు చూసి ఇంటికెళితే అన్నం సహించేది కాదు. ఆషాఢం నుంచి వెళ్ళడం మానేసింది.

రెండున్నర దాటాక చివరిది వచ్చింది. నాలుగు వందల పన్నెండు.

"మన బస్సు. నలభై ఏళ్ళ కిందటి ఆట. బస్సులకు డ్రైవర్లున్న కాలంనాటి విశాఖ రోడ్లు. ఆడేది ఒక్కరే. పేరు ముత్యాలనాయుడు. నాలుగేళ్ళుగా రోజూ రెండున్నరకి మద్దిలపాలెంలో బయలుదేరి భీమిలి వెళతాడు. ఒక రోజుకీ మరో రోజుకీ తేడా ఇరవై సెకన్లు మించలేదు. ఎక్కేవాళ్ళు లేకపోయినా ప్రతి స్టాపులోనూ ఆగుతాడు. మనుషులు ఇంత క్రమంగా ఆడరు. ప్రాణ ప్రశ్నకు మూడుసార్లూ జవాబు లేదు. నీడ."

ఇందుమతి బొటనవేలు ఎత్తి ఆగింది. వార్షికం ముఖచిత్రం ఆ ఏడాది మూతపడే చివరి ఆటలోంచే తీయాలని విభాగంలో పాత ఆనవాయితీ. బొమ్మ కోసమైనా వెళ్ళక తప్పదు. విసుక్కుంటూ మెడపట్టీ తగిలించుకుంది.

హనుమంతవాక స్టాపులో ఎండగా ఉంది. రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. రెండూ నలభై ఎనిమిదికి ఎర్రబస్సు వచ్చి, స్టాపు గీతకి జానెడు దూరంలో ఆగింది. లోపల్నించి ఒక ముసలి గొంతు వినిపించింది.

"హనుమంతవాక, హనుమంతవాక! దిగీవోళ్ళు ముందుకి రండి. ఎక్కీవోళ్ళు ఎవులైనా ఉన్నారేటి?"

ఇందుమతి ఉలిక్కిపడింది. ఆటలో రెండో ఆటగాడు నమోదు కాలేదు. కండక్టరు సీటు ఖాళీగా ఉంది. గొంతు మాత్రం ఉంది.

"ఉన్నాను," అంది.



"నాయుడూ!" అని అరిచింది గొంతు. "ఆగు, ఆగు. పాసింజరెక్కినాది. నాలుగేళ్ళకి పాసింజరెక్కినాదిరా! రామ్మా, జాగర్తగా ఎక్కు. ఎందాకా?"

"భీమిలి దాకా. మీరెవరు బాబాయ్? మీ పేరు ఆటలో లేదు."

"నా పేరు సన్యాసిరావమ్మా. నాను ఆడను. ఈడి పక్కన మంచం మీద కూకుంటాను, అంతే. ఇరవై రెండేళ్ళు ఈడు డ్రైవరు, నాను కండక్టరు, ఇదే రోడ్డు మీద. ఈడు చక్రం తిప్పుతాడు, నాను స్టాపులు సెప్తాను."

బస్సు కదిలింది. గేరు మారిన చప్పుడు పాలు పోసినంత మెత్తగా ఉంది. ఇందుమతి డ్రైవరు సీటు వైపు వెళ్ళింది. ఖాకీ చొక్కా బొమ్మ తల తిప్పలేదు.

"ముత్యాలనాయుడు గారూ, ఒక్క మాట..."

"అమ్మా! అమ్మా!" గొంతు గట్టిగా మందలించింది. "బండి నడుస్తుండగా డ్రైవరుతో మాటాడకూడదు. ఎదురుగా బోర్డు రాసుంటాది, సదువుకోనేదా?"

బోర్డు ఉంది. ఎర్రరంగుతో, అద్దం పైన. ఇందుమతికి విషయం అర్థం కావడానికి ఎండాడ దాకా పట్టింది.

"మరి 'మీరున్నారా' అని తెర మీద అడిగింది కదా, బాబాయ్?"

"అడిగింది. ఈడు నాకు సెప్పేడు, బండి డిపోలో పెట్టేక. రోడ్డు మీంచి కన్ను తియ్యడమ్మా ఈడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క ఏక్సిడెంటు నేదు. తొలీసారి అడిగినప్పుడు సెప్పనేదని, తరవాత గంట మోగినప్పుడు నానే అరిసేను. ఉన్నాం ఉన్నాం, ఇద్దరం ఉన్నాం అని. దానికి ఇనబడనేదు కావాల."

వినబడింది. పేరు నమోదు కాని గొంతుని క్రమిక గది చప్పుళ్ళలో వేసేస్తుంది. ఫేను శబ్దం, కుక్కర్ విజిలు, సన్యాసిరావు.

"ఆగినప్పుడు అడిగితే సెప్తాడు," అన్నాడతను. "ఆగినప్పుడు అది అడగదు."

"ఈ ఆట ఇవాళ సాయంత్రం ఆపేస్తారు, బాబాయ్."

ఆ మాట అనేశాక ఆమెకి తన మీద తనకే కోపం వచ్చింది.  మధురవాడలో అతను స్టాపు పేరు చెప్పలేదు. బస్సు మాత్రం ఆగింది.

"సుగరుకి నా కళ్ళు పోయి ఆరేళ్ళయింది తల్లీ," అన్నాడు చివరికి. "ఇంట్లో గోడలు కూడా నాకు తెలవ్వు, తడుముకుంటాను. ఈ రోడ్డొక్కటే కనిపిస్తాది. ఎండాడ డౌనులో ఈడు రెండో గేరు ఏస్తాడు గదా, అప్పుడు కుడేపుకి సముద్రం కనిపిస్తాది నాకు. ఇది ఆపేస్తే మరి నాకేటీ కనిపించదు. అంతే. నువ్వేటి సేస్తావులే, కూకో. కొమ్మాది వచ్చీసింది."

భీమిలిలో బస్సు ఆగి ఇంజను కట్టేశాక ఖాకీ చొక్కా బొమ్మ మొదటిసారి తల తిప్పింది. "దండమమ్మా. నానున్నాను," అన్నాడు ముత్యాలనాయుడు. అప్పుడు ప్రశ్న అడిగేవాళ్ళెవరూ లేరు.

మెడపట్టీ తీసేసరికి నాలుగున్నర. ముఖచిత్రం తీయడం మర్చిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. తను సంతకం పెట్టిన మూత పత్రాలన్నీ ఒకసారి తిరగేసేసరికి ఐదున్నర దాటింది.

"నాలుగు వందల పన్నెండు. ప్రాణం: రెండు," అంది ఇందుమతి.

"అంగీకరించడం కుదరదు. ఆటగాడు జవాబివ్వలేదు. రెండో వ్యక్తి నమోదు కాలేదు," అంది క్రమిక. "మార్గాలు రెండు. సున్నా రాయవచ్చు. లేదా ప్రాణ ప్రశ్నే చెల్లదని సాక్షి రాయవచ్చు. అలా రాస్తే ఈ ప్రశ్న మీద ఆధారపడిన నాలుగు వందల పదకొండు మూత పత్రాలూ చెల్లవు. వాటి మీద మీ సంతకాలున్నాయి."

"తెలుసు."

"ఆ ప్రశ్ననే పింఛన్లు, ఆస్పత్రులు, రేషను విభాగాలు వాడుతున్నాయి. అక్కడ కూడా పునఃపరిశీలన మొదలవుతుంది. ఈ నివేదికకు విభాగాధిపతి సంతకం అవసరం."

విభాగాధిపతి ఫణీంద్ర పక్కగదిలోంచి వచ్చేశాడు. ఆమె దగ్గరే పని నేర్చుకుని ఆమె కన్నా పైకెళ్ళినవాడు. నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఏంటక్కా ఇది? ఒక్క బస్సు కోసం ఏడాదంతా తిరగదోడతావా? నువ్వే ఆటగాడిగా నమోదైపో. ఒక్క ప్రాణం ఉందంటే బస్సు ఆగదు. ఆరింటికి వార్షికం వెళ్ళిపోతుంది. అందరం ఇళ్ళకి పోతాం."

మంచి ఉపాయమే. ఇందుమతికి కూడా అది తట్టకపోలేదు. బస్సు నడుస్తుంది, ముసలాయనకి సముద్రం కనిపిస్తుంది, తన సంతకాలు తన దగ్గరే ఉంటాయి. ఆమెకి ఏడుపొచ్చింది. అంత అలసిపోయి ఉంది.

"కార్తీకంలో ఒక తోట ఆట వచ్చింది, ఫణీ," అంది. "ఎవరో రోజూ పొద్దున్న ఐదూ నలభైకి ఏడు మొక్కలకి నీళ్ళు పోసేవారు. ఆ ఏడే, ఆ వరసలోనే. నీడలు కూడా మొక్కలు పెంచుతాయా అని నవ్వుకుని సంతకం పెట్టేశాను. చూడలేదు. ఆషాఢం నుంచి నేను ఒక్క ఆటలోకీ వెళ్ళలేదు. చక్రం తిప్పుతున్నవాడూ, నీళ్ళు పోస్తున్నవాడూ, చేతిలో పని ఉన్నవాడెవడూ ముప్ఫై సెకన్లలో జవాబు చెప్పడు. మనం వాళ్ళని లేరని రాశాం."

"నీ సాక్షి హోదా పోతుంది."

"పోనీ. సాక్ష్యం చెప్పని సాక్షికి హోదా దేనికి?"

ఆమె పలక మీద రాసింది: ప్రాణ ప్రశ్న చెల్లదు. నా నాలుగు వందల పదకొండు సంతకాలు వెనక్కి తీసుకుంటున్నాను. చాలావరకు చూడకుండా పెట్టాను. బొటనవేలు ఆనించింది.

"రెండో సంతకం కోసం వేచి ఉన్నాను," అంది క్రమిక. ఐదూ యాభై రెండు.

ఫణీంద్ర పలక వైపు చూడలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అక్కా, పింఛన్లలో కూడా ఇదే ప్రశ్నా?"

"ఇప్పుడే కదా క్రమిక చెప్పింది."

"మా అమ్మమ్మ పేరు మాఘంలో బతికున్నవాళ్ళ జాబితాలోంచి తీసేశారు. ఎందుకో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పది నెలలుగా తిరుగుతున్నాను. అడిగినప్పుడు జవాబివ్వలేదు అంటారు, అంతే." అతను మొహం తుడుచుకున్నాడు. "మా అమ్మమ్మ పొద్దున్న గంటసేపు పూజ చేస్తుంది. పూజలో ఉండగా ఇల్లు అంటుకున్నా మాట్లాడదు."

"ఆవిడ ఎలా ఉన్నారు?"

"బాగానే ఉంది. పొద్దున్నే తిట్టింది, ఏడాది ఆఖరి రోజు కూడా ఆఫీసేంట్రా అని."

అతను లేచి పలక మీద బొటనవేలు గట్టిగా అదిమాడు.