చెవులున్న గిటారు

శుక్రవారం మధ్యాహ్నం ఒమన్‌లోని ఇబ్రా ఊరంతా తలుపులు వేసుకుంటుంది. నమాజు అయ్యాక అన్నాలు తిని, ఎవరింట్లో వాళ్ళు ఏసీ కింద ముడుచుకుంటారు. నాలుగు దాకా అంగళ్ళు తెరవరు. రోడ్డు మీద పిల్లి కూడా కనబడదు. ఎండ ఒక్కటే వీధులన్నీ తిరుగుతూ ఉంటుంది.

గంగులమ్మకు వారంలో ఆ ఒక్క పూటే సెలవు. మిగతా ఆరు రోజులూ అరబ్బు ఇంట్లో వంటపని. శుక్రవారం రాగానే రాగిపిండి, కోడి పట్టుకుని కొడుకు రూముకు వస్తుంది. కొడుకు ఇస్రాయేలు ఏసీ మెకానిక్కు. ఒమన్‌కు వచ్చి పద్నాలుగు నెలలు. రూములో రెండో మంచం ఫయాజ్‌ది. ఫయాజ్ సెలవు మీద కడపకు పోయి వారమైంది. పరుపు చుట్టి గోడకు ఆనించి పోయాడు.

మంచానికి ఎదురుగా స్టాండు మీద గిటారు ఉంది. ఎర్ర చెక్క, అంచుల్లో మెరుగు పోయింది. లోపలంతా బోలు. తీగలకు అటూ ఇటూ పాము మెలిక తిరిగినట్టు రెండు చీలికలు. వాటి దగ్గర మొహం పెడితే పాత కొట్టుగది వాసన, చీకటి. మస్కట్ పక్క మబేలాలో ఒక ఫిలిప్పీనతను దేశం వదిలి పోతూ చౌకగా ఇచ్చేసిన సరుకు. ఇస్రాయేలు మాత్రం దాన్ని పసిబిడ్డను తుడిచినట్టు తుడుస్తాడు. ఆ పొద్దున కూడా ప్రార్థన కూటంలో పాటలకు వాయించి, తెచ్చి, వైరు స్పీకరు పెట్టెకు తగిలించి, అప్పుడు సంగటికి కూర్చున్నాడు.

"మా, ఒక తమాషా చూస్తావా?"

తీగల దగ్గర నోరు పెట్టి, "సంగటి బాగుంది" అన్నాడు.

మూలనున్న పెట్టెలోంచి, బావి అడుగున ఎవరో ఉన్నట్టు, బొంగురుగా వచ్చింది. సంగటి బాగుంది.

గంగులమ్మ చేతిలో ముద్ద అట్లే నిలిచిపోయింది. "ఏందిరా అది?"

"మంచి గిటార్లకు తీగల కిందుండే ఈ ఇనప పట్టీ లోపల మైనం పోస్తారు మా. దీనికి పొయ్యలే. తీగలే కాదు, రూములో యే చప్పుడైనా ఇంటాది. పైగా పొట్ట బోలు గదా."

"నీకంటే నయమే. నేను మూడుసార్లు పిలిస్తేగానీ నీకు ఇనపడదు."

"రేపు కోడలు వచ్చి నిన్ను తిట్టుకున్యా ఇదే నీకు చెప్తాది, చూడు."

"అట్లయితే దీన్ని అమ్మేయమని ఇంక పోరనులే. ఉండనీ."

అతను నవ్వుతుండగానే ఫోను మోగింది. సూపర్‌వైజర్ జావెద్. ఇసుక దిబ్బల దగ్గర ఏదో క్యాంపులో ఏసీలు ఆగిపోయాయట. ఇస్రాయేలు చెయ్యి కడుక్కుని టూల్ బ్యాగు అందుకున్నాడు.

"నాలుక్కంతా వచ్చేస్తా. నువ్వు రోంతసేపు పండుకో."

"ఆ పెట్టె ఆర్పేసి పోరా."

"వచ్చి తీస్తాలే. నువ్వు మాత్రం ఆ ప్లగ్గు ముట్టుకోవద్దు మా. ఎర్తింగు లే. తడిచేత్తో తగిల్తే ఎగరగొడతాది."

పికప్పు బండి చప్పుడు సందు మలుపు దాకా వినబడి, ఆగిపోయింది.

గిన్నెలు కడిగి, తెర లాగి, ఆమె కొడుకు మంచం మీద వాలింది. గదిలో మసక. పెట్టె మీద ఎర్రదీపం, చీమ తలంత. ఇస్రాయేలు చెప్పింది నిజమే. ఆమె చెయ్యి కదిపితే పెట్టెలో గాజులు గలగలలాడాయి. కొళాయి చుక్క పడితే అక్కడా ఒక చుక్క పడింది. ఆమె ఊపిరి కూడా వినబడుతోంది. లోపలికి... బయటికి. తన ఊపిరి తాను ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. ఎవరో జోకొడుతున్నట్టు కళ్ళు మూతలు పడ్డాయి.

కాసేపటికి ఎందుకో మెలకువ వచ్చింది.

పెట్టెలో ఊపిరి వస్తూనే ఉంది. లోపలికి, బయటికి. దాని వెనకాలే ఇంకొకటి... లోపలికి, బయటికి. చిన్నది. పొడిగా. మొదటిదానికి రవ్వంత ఆలస్యంగా.

ప్రతిధ్వని అయ్యుంటుంది అనుకుంది. చౌకరకం గదా.

ఊపిరి బిగబట్టింది.

పెట్టెలో ఒకటి ఆగింది.

రెండోది ఆగలేదు.

గంగులమ్మ లేచి కూర్చుంది. గదంతా చూసింది. చుట్టిన పరుపు. మేకుకు చొక్కా. తలుపు గడియ పెట్టే ఉంది. స్టాండు మీద గిటారు, దాని పొట్టలో రెండు నల్లటి చీలికలు. గదిలో చెవికి ఏసీ హోరు తప్ప ఏమీ వినబడదు. పెట్టెలో మాత్రం ఎవరో తన పక్కనే కూర్చున్నట్టు... నిదానంగా... కాచుకుని ఉన్నట్టు.

ప్రార్థన చేద్దామంటే మాటలు గుర్తు రాలేదు. తన గొంతైనా తనకు తోడుంటుందని, "నాయనా ఇస్రాయేలూ, బిన్నే రా నాయనా" అంది.

పెట్టె ఆ మాటను బొంగురుగా అంది. అని, ఒక్క క్షణం ఆగి...

"ఊ" అంది.

ఆ ఊ ఆమెకు తెలుసు.

ఇస్రాయేలును ఆరేళ్ళవాణ్ణి తన తల్లి దగ్గర వదిలి ఆమె ఈ దేశం వచ్చింది. అప్పట్లో రాత్రి పని ముగిశాక ఫోనులో కథ చెప్పేది. అవతల వాడు ఊకొట్టేవాడు. ఒక్కో మాటకు ఒక్కో ఊ. ఊ ఆగిపోతే నిద్రపోయినట్టు. అప్పుడు ఆమె తల్లి ఫోను అందుకుని, పండుకున్యాడులే అని పెట్టేసేది. బిడ్డను పెంచింది అంటే ఆమెకు గుర్తొచ్చేది అదే, చీకట్లో ఫోను, సముద్రం అవతల నుంచి ఒక ఊ. ఒకసారి పండగ సెలవు దొరికి పట్టపగలు ఫోను చేసి కథ మొదలుపెట్టింది. తల్లి వాడి చేతిలో ఫోను పెరుక్కుంది. "పగలు కథ చెప్తే ఇంటి మనిషి దోవ తప్పుతాడే. తెలీదా నీకు" అని అరిచింది. మళ్ళీ ఎప్పుడూ ఆమె పగలు కథ చెప్పలేదు.

ఇప్పుడు తల్లి అరుపు గుర్తు రాలేదు. ఆ ఊ వింటే కథ చెప్పకుండా ఉండటం ఆమె నోటికి రాదు. అంతే.

"ఒక ఊర్లో ఒక అవ్వ..."

"ఊ."

"ఆ అవ్వకు ఒక్కడే కొడుకు."

"ఊ."

ఆరేళ్ళ గొంతు. చివర కొంచెం ముక్కుతో పలికే ఊ. భయం ఎటు పోయిందో పోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిటారు వైపే చూస్తూ చెప్పుకుంటూ పోయింది.

"ఒకనాడు ఆ పిల్లోడు కట్టెలకని అడివికి పోయినాడు."

"ఊ."

"పోతా పోతా ఒక పిట్టను చూసినాడు. దాని యెనకాల పడినాడు."

"ఊ."

"ఆ పిట్ట యాడికో ఎగిరిపాయ. చూస్తే దోవ లేదు. వాడు దోవ తప్పినాడు."

"ఊ."

అప్పుడు ఫోను మోగింది.

"మా..." ఇస్రాయేలు. వెనకాల గాలి హోరు. "మా, దోవ తప్పినా."

"యాడ ఉండావు?"

"తెలీదు మా. గాలి లేచింది. అంతా ఇసుకే. ఒకటే జమ్మిచెట్టు, దాని కాడికే మూడుసార్లు వచ్చినా. ఫోనులో దోవ చూపించడం లే. నీళ్ళు కూడా అయిపోయినాయి."

"బండి దిగొద్దు. ఆన్నే ఉండు. జావెద్‌కు చెప్పు."

"చెప్పినా. ఎవరో ఒకర్ని పంపిస్తామన్యాడు..." గాలి. మళ్ళీ అతని గొంతు, ఈసారి మెల్లగా. "మా. నీ పక్కన ఎవరున్యారు?"

"ఎవరూ లేరు నాయనా."

"ఎవరో ఊకొడతాండారు గదా."

ఫోను కట్టయింది.

అప్పుడు తల్లి మాట గుర్తొచ్చింది. పట్టపగలు. కథ. ఇంటి మనిషి. తన నోటితోనే వాణ్ణి అడవికి పంపింది. తన నోటితోనే దోవ తప్పించింది. గంగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇక ఒక్క మాట కూడా చెప్పకూడదు.

పెట్టె కాచుకుంది.

"ఊ?" అంది.

ఆమె కొంగును పళ్ళ మధ్య నొక్కిపట్టింది.

"ఊ?"

ఈసారి ఆరేళ్ళ గొంతు కాదు. పదేళ్ళది. బడి నుంచి వచ్చి, ఆటకు పోవాలని తొందరపడే ఊ.

ఆమె కళ్ళు మూసుకుంది. కథ ముగించేస్తే? అవ్వ గుమ్మంలో దీపం పెడుతుంది, ఆ వెలుగు చూసి పిల్లోడు ఇల్లు చేరతాడు. రెండు మాటలు. చెప్తే కొడుకు దోవ దొరుకుతుందా? ఇంకా లోపలికి పోతాడా? ఎవరిని అడగాలి...

"ఊ."

గొంతు పగిలే వయసు. పద్నాలుగు. ఆ ఏడు ఆమెకు ఇంటికి పోవడానికి సెలవు దొరకలేదు. ఆ గొంతు ఫోనులోనే విన్నది. ఒక్కో ఊకూ వయసు పెరుగుతోంది. ఒక్కో ఊకూ దగ్గరికొస్తోంది. ఇప్పుడు మూలలోంచి కాదు. మంచం కోడు పక్కనుంచి.

"ఊ."

పద్దెనిమిది.

దాని తర్వాత ఏ గొంతు వస్తుందో ఆమెకు తెలుసు. ఈ దినం అన్నం తింటూ నవ్విన గొంతు. అది ఆ పెట్టెలో రాకూడదు. ఏం చేసినా సరే రాకూడదు. చేతికి తువ్వాలు చుట్టుకుని, రబ్బరు చెప్పులు తొడుక్కుని, గోడ దాకా పాకి, ప్లగ్గు పట్టి పెరికింది.

పెట్టె సగం ఊ దగ్గర ఆగింది.

ఎర్రదీపం ఆరిపోయింది. ఆ సగం గొంతు ఎవరిదో ఆమె విన్నది.

తర్వాత అంతా ఎదురుచూపే. ఇస్రాయేలుకు చేస్తే ఫోనులో ఆడమనిషి అరబ్బీలో ఏదో చెబుతుంది, అంతే. జావెద్‌కు చేసింది. "బండి పంపినాం ఆంటీ, దొరుకుతాడు, గాలి తగ్గనీండి" అన్నాడు. మసీదులో అసర్ నమాజుకు బాంగు ఇచ్చారు. అంగళ్ళ షట్టర్లు లేచాయి. వీధిలో పిల్లలు బంతి ఆడుకుని ఇళ్ళకు పోయారు. ఆమె గడప మీదే కూర్చుంది. కుండెడు నీళ్ళు పక్కన పెట్టుకుంది.

పొద్దుగూకి మగ్రిబ్ బాంగు ఇచ్చేటప్పుడు చూస్తే, సందు మొదట్లో ఇస్రాయేలు నడిచి వస్తున్నాడు.

బండి చప్పుడు ఆమె వినలేదు.

"వచ్చినావా నాయనా." లేచి మొహం తడిమింది. చల్లగా ఉంది. జుట్టునిండా ఇసుక. "బండి ఏది?"

"ఉంది."

"వాళ్ళు వచ్చి తోడుకొచ్చినారా?"

తల అడ్డంగా ఊపాడు.

"మరి దోవ ఎట్ల దొరికింది?"

"నువ్వు చెప్తా ఉంటివి గదా," అన్నాడు.

నేను నిలిపేసినా గదరా. లోపలే అనుకుంది.

అతను నీళ్ళు ముంచుకుని మొహం కడుక్కున్నాడు. తాగలేదు. సంగటి వద్దన్నాడు. తడిచేత్తోనే ప్లగ్గు తీసుకుని గోడలో గుచ్చాడు. ఆమె "ఒరే" అనేలోపే అయిపోయింది. షాకేమీ కొట్టలేదు. ఎర్రదీపం వెలిగింది. గిటారు వైపు కూడా చూడకుండా, మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అలసిపోయాడు. బిడ్డ వచ్చాడు, అది చాలు. గంగులమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని అతని వీపు మీద చెయ్యి వేసింది. వీపు లేస్తోంది, దిగుతోంది. నిద్రపోతున్న మనిషి వీపు లాగే.

పెట్టెలో ఊపిరి వినబడుతోంది. లోపలికి... బయటికి.

ఒక్కటే.

రెండోది పోయిందని ముందు దేవుడికి దండం పెట్టుకుంది. తర్వాత ఆమె చెయ్యి అతని వీపు మీదే బిగుసుకుపోయింది. గదిలో తామిద్దరు ఉన్నారు.

చెయ్యి తీసి గాజులు కదిపింది. పెట్టెలో గాజులు గలగలలాడాయి. పెట్టె బాగానే వింటోంది.

ఊపిరి బిగబట్టింది.

పెట్టెలో ఏమీ లేదు. ఏసీ హోరు. కొళాయి చుక్క. ఇంకేమీ లేదు... కళ్ళ ముందు ఆ వీపు మాత్రం లేస్తోంది, దిగుతోంది.

ఫోను తీసి చూసింది. మిస్డ్ కాల్ లేదు. జావెద్ నంబరు మీద వేలు పెట్టి, నొక్కలేకపోయింది. దొరికాడని చెబుతాడో, ఇంకా వెతుకుతున్నామని చెబుతాడో.

కథ అడవిలోనే ఆగి ఉంది. అవ్వ ఇంకా గుమ్మంలో దీపం పెట్టలేదు. ఇప్పుడు చీకటి పడింది, చెప్పినా తప్పు లేదు. చెప్తే ఎవరు ఇల్లు చేరతారు? అడవిలో ఉన్నవాడా... మంచం మీద ఉన్నవాడా...

ఆమె పెదవులు కదిలాయి. మాట రాలేదు.

మంచం మీదివాడు ఇటు తిరగలేదు. గోడ వైపు చూస్తూనే, మెల్లగా, "ఊ" అన్నాడు.

అది పెట్టెలో రాలేదు.