కాగితాల్లేని హంతకుడు

"ఈ ఉదయం పదకొండుకి మంత్రి లాండ్రీకి వస్తున్నారు. అక్కడ పనిచేసే మూడొందల మంది అక్రమ వలసదారులకి పర్మిట్లిస్తారు. విదేశీ ముఠా మనిషొకడు వాళ్లలో చేరిపోయాడు. వాడు మంత్రిని కాలుస్తాడు, నేరం వాళ్ల నెత్తిన పడుతుంది," అన్నాడు చీఫ్.

"మనుషులు అక్రమం ఎలా అవుతారు సార్?" అంది ఏజెంట్ కందిరీగ.

"ఫైల్లో అలాగే ఉంది."

"అయితే ఫైలు మార్చండి. అందులో మా అమ్మ ఉంది."

చీఫ్ ఫైలు మూసేశాడు. ఆమె తల్లి పదహారేళ్లుగా ఆ లాండ్రీలోనే దుప్పట్లు మడతపెడుతోంది. మంత్రికి ఏమన్నా అయితే సాయంత్రానికల్లా మూడొందల మందినీ ఓడెక్కించేస్తారు. కందిరీగకి ఒళ్లు మండిపోయింది.

పది నలభైకి తలకి గుడ్డ కట్టుకుని, జేబులో పెన్ పిస్టల్‌తో ఇస్త్రీ పనిమనిషిలా బయలుదేరింది. గేటు దగ్గర నల్ల కళ్లద్దాల ఫోటోగ్రాఫర్ కెమెరా సర్దుకుంటోంది. ముఠాకీ డిపార్ట్‌మెంట్‌కీ కూడా కబుర్లు మోసే అందగత్తె ఆవిడ.

"గంజి ఎక్కువైందా?" కోడ్ వర్డ్ విసిరింది కందిరీగ.

"ఆరితే గానీ తెలీదు," అని గొంతు తగ్గించింది ఫోటోగ్రాఫర్. "నిన్న చేరిన ఇద్దరిలో ఒకడు. ఎవడో నాకూ చెప్పలేదు."

కాగితాలు చూసి తేల్చుకుందామంటే ఇద్దరికీ లేవాయె! కందిరీగ వాళ్లిద్దరి మధ్య బల్ల దగ్గర ఇస్త్రీపెట్టె అందుకుంది. ఎడమవైపువాడు మొహం చాటేస్తున్నాడు. మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తున్నాడు. ఆమె వేళ్లు పెన్ను మీదికి పోయాయి.

"నీ సంగతేంటన్నా?"

"కాగితాలు ఇంకా రాలేదు తల్లీ. ఎవరితో అనకు, నీకు పుణ్యముంటుంది."

అచ్చం అమ్మ మాటే. ఆమె పెన్ను వదిలేసింది.

కుడివైపువాడు తువ్వాళ్ల బండి తోసుకొస్తూ నవ్వాడు. "మనదేముంది చెల్లెమ్మా! నేనూ అక్రమ వలసదారుణ్ణే."

కందిరీగ చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లలో అమ్మ నోట గానీ, ఆమెతో పనిచేసే ఎవరి నోట గానీ ఆ మాట వినలేదు. తమ గురించి తాము ఎవరూ అలా చెప్పుకోరు. వీడెవడో ఆ మాటని ఫైళ్లలో చదివి బట్టీపట్టి వచ్చాడు.

మంత్రి గుమ్మంలో అడుగుపెట్టాడు. కుడివైపువాడి చెయ్యి తువ్వాళ్ల కిందికి దూరింది. పిస్టల్ గొట్టం బయటికి రావడమూ, కణకణలాడే ఇస్త్రీపెట్టె వాడి మణికట్టు మీద పడడమూ ఒక్కసారే జరిగాయి. తూటా పైకప్పులోకి పోయింది. వాడు నేల మీద పొర్లుతున్నాడు.

మంత్రి చెమట తుడుచుకున్నాడు. "ఇంతమంది అక్రమ వలసదారుల్లో వాణ్ణెలా కనిపెట్టావమ్మా?"

"ముందు సంతకాలు కానివ్వండి సార్. తర్వాత చెప్తాను."

మొదటి పర్మిట్ అమ్మ చేతిలో పడింది. ఆఖరి సంతకం అయ్యేదాకా కందిరీగ నోరు విప్పలేదు.

"వాడొక్కడే మీలా మాట్లాడాడు సార్."