సంపులో డైవ్ వాచీ

"ముఠా ట్రక్కు నాచారంలో కదిలిన క్షణమే నాకు సిగ్నల్ కావాలి. వరంగల్ హైవే మూసేస్తాను." చీఫ్ విశ్వనాథం బల్ల మీదుగా ఒక డైవ్ వాచీ తోశారు. "ఈ క్రౌన్ స్క్రూ విప్పి బయటికి లాగు. ట్రాన్స్‌మిటర్ ఆన్ అవుతుంది, నువ్వెక్కడున్నావో కూడా తెలుస్తుంది."

ఏజెంట్ హృషికేశ్ కీ ఇచ్చే ఆ బుడిపెను తడిమి చూశాడు. దానికి అటూ ఇటూ రెండు ఉక్కు గార్డులున్నాయి.

"ఇవేంది సార్, వేలు సరిగ్గ దూరుతలేదు?"

"దెబ్బ తగిలినా, దేనికైనా రాసుకున్నా క్రౌన్ కదలకూడదు. కదిలితే సీలు పోయి నీళ్ళు దూరతాయి, వాచీ చస్తుంది."

ఆ సాయంత్రమే హృషికేశ్ పట్టుబడ్డాడు. పట్టించింది బిందుమాధవి. డిపార్ట్‌మెంట్ జీతం తీసుకుంటూ విదేశీ ముఠాకి పనిచేసే అందగత్తె. పని అయిపోయాక ముఠా ఆమెనీ వదల్లేదు. ఇద్దర్నీ వీపుకి వీపు ఆనించి, మణికట్టుకి మణికట్టు కట్టి, మూతపడ్డ రంగుల ఫ్యాక్టరీ సంపులోకి దించి, ట్యాంకర్ పైపు వదిలారు. దొంగిలించిన రాడార్ మాడ్యూల్‌తో ట్రక్కు వెళ్ళిపోయిన చప్పుడు పైనుంచి వినబడింది.

నీళ్ళు మోకాళ్ళు దాటాయి. తన వేళ్ళకి క్రౌన్ అందక హృషికేశ్ వాచీని ఇనుప నిచ్చెనకేసి రుద్దాడు, కొట్టాడు. గార్డులు గీరుకుపోయాయి గానీ క్రౌన్ ఇసుమంతైనా కదల్లేదు. ఎంత పకడ్బందీగా చేసి చచ్చారో! అతనికి ఏడుపొచ్చింది.

"బిందూ, నీ వేళ్ళకు అందుతది. తిప్పు."

"తిప్పి ఏం లాభం? ట్రక్కు వెళ్ళిపోయింది. బతికి బయటపడినా నాకు జైలే."

"జైల్ల గాలన్న ఉంటది. జల్ది! చేతులు మునిగినంక తిప్పితే వాచీ గూడ పోతది."

ఆమె నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. వేళ్ళు గార్డుల మధ్య దూరాయి, జారాయి, మళ్ళీ దూరాయి. నీళ్ళు మణికట్టును తాకుతుండగా క్రౌన్ బయటికొచ్చింది. వెంటనే వాచీ మునిగిపోయింది. ముందు సిగ్నల్ వెళ్ళిందో, నీళ్ళే దూరాయో ఎవరికి తెలుసు? నీళ్ళు గడ్డం దాకా వచ్చేసరికి హృషికేశ్ ఆశ వదిలేసుకున్నాడు.

అప్పుడు సంపు మూత లేచింది. పైన విశ్వనాథం, పోలీసులు.

"ట్రక్కు దొరికిందా సార్?" పైకి లాగగానే దగ్గుతూ అడిగాడు హృషికేశ్.

"సిగ్నల్ అందగానే హైవే మూసేశాం. ఎంతసేపు చూసినా రాదే! వెనక్కి వెతుక్కుంటూ వస్తే ఉప్పల్ చౌరస్తా ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంది."

బిందుమాధవి బేడీల కోసం చేతులు చాపుతూ నిట్టూర్చింది.

"నేను చెబుతూనే ఉన్నాను వాళ్ళకి, సాయంత్రం పూట ఉప్పల్ మీదుగా వెళ్ళొద్దని."