తిట్టినా లెక్కే

శనివారం ఉదయం. ఆస్ట్రేలియాలో, క్లైడ్ నార్త్‌లోని ఆ ఇంట్లో పెసరట్ల వాసన గుప్పుమంటోంది. జ్ఞానప్రసూన పెనం దగ్గర నిలబడి, భర్త పట్టుపంచె ఇంకా ఇస్త్రీ కాలేదని హైరానా పడుతోంది. ఆ మధ్యాహ్నమే తెలుగు సంఘం వాళ్ళు శేషగిరికి సన్మానం పెట్టారు. ప్రముఖ భూశాస్త్రవేత్తల ర్యాంకుల్లో ఆయన పేరొచ్చింది మరి!

ఆ ర్యాంకులు సైటేషన్లను బట్టి వస్తాయి. ఒకరి పరిశోధనా వ్యాసాన్ని ఇంకొకరు తమ వ్యాసంలో ప్రస్తావిస్తే అదొక సైటేషన్. శేషగిరి రోజూ కాఫీ తాగుతూ తన సైటేషన్లు చూసుకుంటాడు. కొందరికి షేర్ల పిచ్చి, ఈయనకిది. పెరిగితే ఇంట్లో పండగ. పెరక్కపోతే ఎవరికో మూడినట్టే. ఆ ఎవరో సాధారణంగా జ్ఞానప్రసూనే అవుతుంది.

"ప్రసూనా! ఇవాళ ఇంకోటి పెరిగిందోయ్!" అని కేకేశాడు. ఎవరు రాశారా అని తెరిచి చూశాడు. అంతే, మొహం మాడిపోయింది.

రాసింది కూతురు వైశాలి. ఆయన పనిచేసే యూనివర్సిటీలో, ఆయన శాఖలోనే పీహెచ్‌డీ చేస్తోంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కొన్ని రాళ్ళకు శేషగిరి కట్టిన వయసు తప్పని తేల్చింది. ఆయనకు పేరు తెచ్చిపెట్టినవి ఆ రాళ్ళే.

"వైశాలీ! కిందకి రా!"

వైశాలి తడి జుట్టుతోనే దిగింది.

"ఏంటే ఇది? కన్నతండ్రి తప్పు చేశాడని లోకమంతా చాటావా?"

"నాన్నా, నేను ముందే చెప్పాను. యూ నెవర్ లిసెన్."

"వెంటనే వెనక్కి తీసుకో. మధ్యాహ్నం అంతమందిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"తీసుకోను. ఇట్స్ మై వర్క్. అయినా మీ ర్యాంకుకి ఢోకా లేదులే. మీ పేపర్ని సైట్ చేసినవాళ్ళలో చాలామంది రాంగ్ అనే రాశారు. తిట్టినా కౌంట్ అవుతుందిగా!"

చెంప ఛెళ్ళుమంది. వైశాలి వెళ్ళి టేబుల్ అంచుకు కొట్టుకుంది. పెదవి చిట్లి రక్తం కారింది. ఏడవలేదా పిల్ల.

"కొట్టండి. హిట్ మీ అగైన్. రాయి వయసు మారదు."

శేషగిరికి ఒళ్ళు తెలియలేదు. షెల్ఫ్ మీదున్న రాళ్ళు కొట్టే సుత్తి అందుకుని విసిరాడు. కూతురి మీదికో, గోడ మీదికో ఆయనకే తెలియదు. చేతిలో అట్లకాడతోనే జ్ఞానప్రసూన అడ్డం దూకింది. సుత్తి ఆమె పక్కనుంచి దూసుకెళ్ళి అద్దాల బీరువాను బద్దలు కొట్టింది. ఎగిరొచ్చిన గాజు పెంకు ఆమె అరచేతిని లోతుగా చీల్చేసింది. పెసరట్టు మాడి పొగలొస్తోంది. నేలంతా రక్తం.

"అమ్మా!" అంటూ వైశాలి తువ్వాలు చుట్టింది.

"ఆపారేం? కానివ్వండి!" జ్ఞానప్రసూన గొంతు ఎన్నడూ అంత లేవలేదు. "ఇన్నాళ్ళూ పళ్ళేలు విసిరారు, గ్లాసులు విసిరారు, నోరు మూసుకుని పడ్డాను. దాని మీద చెయ్యేస్తే మాత్రం నేను మనిషిని కాను! అసలు అది రాసింది మొత్తం చదివారా?"

శేషగిరి తల అడ్డంగా ఊపాడు.

"పైకి చదవండి. చదివితేనే నేను హాస్పిటల్‌కి కదిలేది."

శేషగిరి ఫోన్ తీశాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆమెకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పాడు. "ఈ ప్రాంతానికి మొదట మ్యాపు గీసింది శేషగిరి. నేటికీ అందులో దిద్దాల్సింది ఏమీ లేదు. ఆ మ్యాపు లేకుంటే ఈ పరిశోధనే లేదు. వయసు ఒక్కటే..." అక్కడితో ఆపేశాడు. ఏళ్ళ తరబడి సైటేషన్లు లెక్కపెట్టుకున్నాడే గానీ, ఎవరేం రాశారో ఏనాడూ చదవలేదు. చదివుంటే తప్పు ఎప్పుడో తెలిసేది. ఆ భయంతోనే చదవలేదేమో కూడా.

వైశాలే కారు నడిపింది. సంఘం ప్రెసిడెంట్ గోపాలరావు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. చివరికి శేషగిరి, "సన్మానం లేదండీ" అని పెట్టేశాడు.

ఎమర్జెన్సీలో నర్సు ఎలా తగిలిందని అడిగింది.

"కాలు జారి అద్దం మీద పడ్డాను," అంది జ్ఞానప్రసూన అలవాటుగా.

వైశాలి తల తిప్పేసుకుంది. నర్సు రాసుకోబోయింది.

"కాదు, అది తప్పు," అన్నాడు శేషగిరి ఇంగ్లీషులో. "సుత్తి విసిరింది నేను. మా అమ్మాయిని కొట్టిందీ నేనే. అలాగే రాసుకోండి."

నర్సు ఆయన్ని బయట కూర్చోమంది. పోలీసులతో మాట్లాడాల్సి వస్తుందని కూడా చెప్పింది. ఆయన తలూపి, కూతురి వైపు చూశాడు.

"నీ పేపర్లో తప్పేం లేదు తల్లీ. తప్పంతా నాదే."

పొద్దుటి నుంచి కళ్ళు తడవని వైశాలి అప్పుడు భోరుమంది. దగ్గరికి వెళ్ళడానికి శేషగిరికి ధైర్యం చాల్లేదు. బయటికొచ్చి గోడ పక్క కుర్చీలో కూలబడి, మొహం కప్పుకుని ఏడ్చాడు.

అమ్మ చేతికి కుట్లు పడ్డాక వైశాలి బయటికొచ్చింది. తండ్రి పక్కన కూర్చోలేదు. మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చుంది.