కళ్ళెం లేని బేరం

ఆ అమ్మాయి మొట్టమొదట చూసింది నా మొహం కాదు, నా బూట్లు. మిగతా నేను కారు కింద ఉన్నాను మరి.

“ఏయ్, ఎవరు నువ్వు? బయటికి రా!”

కంగారులో తల ఎత్తాను. సైలెన్సర్ ఠంగుమంది. నుదురు పట్టుకుని పాక్కుంటూ బయటికొచ్చేసరికి ఎదురుగా తెల్లకోటు, వానకి తడిసిన జుట్టు, చేతిలో మడిచిన గొడుగు. ఆ గొడుగు నా నెత్తి మీద పడటానికి రెడీగా ఉంది.

“కారు కొనడానికొచ్చానండీ. పేరు అల్దియార్. ఫోన్ చేశాను కదా.”

“సాయంత్రం రమ్మన్నాం. మధ్యాహ్నమే వచ్చి దాని కింద పడుకోమన్నామా?”

“ఆగలేకపోయాను.”

“తెలుసులెండి. మారుబేరం వాళ్ళంతా ఇంతే. టార్చి పట్టుకుని ముందు అడుగుభాగమే చూస్తారు. లేని తుప్పు ఉందంటారు. సగానికి కొని వారం తిరక్కుండా ఇంకొకరికి అంటగడతారు.”

“అయ్యో, నేను మెట్రో రైలు నడుపుతానండీ!”

“అయితే?”

“అయితే ఏంటంటే, పొద్దస్తమానం సొరంగంలోనే ఉంటాను. నా బండికి స్టీరింగే ఉండదు. మలుపు తిప్పే యోగం ఈ జన్మకి లేదా అని ఏడుస్తుంటే, మీ ప్రకటన కనిపించింది.”

నవ్వు ఆపుకుంది. ఆపుకున్నట్టు నాకు తెలిసిపోయింది. అబద్ధం ఎందుకు, అప్పటిదాకా నా గుండె కొట్టుకున్నది కారు కోసమే.

కారు సంగతి చెప్పనివ్వండి. ఎర్ర మజ్దా, నా కంటే రెండేళ్ళు పెద్దది. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు. అవసరం ఉంటేనే కళ్ళు పైకి లేపే దీపాలు. మా అల్మాతీలో మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్ల మీద ఇన్ని చలికాలాలు గడిపి కూడా కడిగిన ఆపిల్ పండులా ఉందంటే, దాన్ని చూసుకున్నవాడి చేతికి దణ్ణం పెట్టాలి.

చూసుకున్నాయన పేరు బెక్బొలాత్. మోల్దిర్ వాళ్ళ నాన్న. అన్నట్టు, గొడుగు పిల్ల పేరు మోల్దిర్, పళ్ళ డాక్టరు. ఆయన గుర్రప్పందేల మైదానంలో గుర్రాలకి తర్ఫీదు ఇచ్చి రిటైరయ్యాడు. మోకాళ్ళు అరిగిపోయాయి. కారేమో నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. ఎక్కడం వరకూ బాగానే ఎక్కేవాడట, దిగడానికి మాత్రం పక్కింటివాళ్ళు వచ్చి చెరో రెక్కా పట్టుకుని లాగాల్సి వచ్చేదట.

“పరిగెత్తే జీవాన్ని కట్టేసి ఉంచకూడదు అబ్బాయ్,” అన్నాడు మెట్లు దిగుతూ. “మా అమ్మాయికి ఆస్పత్రితోనే సరిపోతుంది. అందుకే అమ్ముతున్నా. ఏదీ, ఒకసారి నవ్వు.”

“నవ్వాలా, అగాయ్?” అన్నాను. మా దగ్గర పెద్దాయనల్ని గౌరవంగా పిలిచే పిలుపు అది.

“నవ్వండి,” అంది మోల్దిర్. “మా ఇంటికి ఎవరొచ్చినా ముందు పళ్ళు చూస్తాం. ఆయనకి గుర్రాల అలవాటు, నాకు మనుషుల అలవాటు.”

ఇద్దరూ నా పళ్ళు చూశారు. పెద్దాయన తల ఊపాడు. ఆవిడ మాత్రం, “కింద వరసలో ఒకటి పుచ్చింది. రేపే వచ్చి చూపించుకోండి,” అంది. ప్రేమకథల్లో హీరోయిన్ ఇలాంటి మాట అంటుందని ఎక్కడా వినలేదు.

నడిపి చూడ్డానికి కొండవైపు తీసుకెళ్ళాం. పక్క సీట్లో మోల్దిర్. ఇక్కడో తిరకాసు ఉంది. మా దగ్గర బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి. ఈ జపాన్ బండికి స్టీరింగ్ కూడా కుడివైపే. ముందు లారీ అడ్డం వస్తే ఎదురుగా ఏం వస్తోందో నడిపేవాడికి కనపడి చావదు. పక్కన కూర్చున్నవాళ్ళు తొంగి చూసి చెప్పాలి.

క్యాబేజీ లారీ ఒకటి తగిలింది. మోల్దిర్ మెడ చాపింది.

“ఆగండి... ఆగండి... బస్సొస్తోంది... ఇప్పుడు! పోనీండి!”

పోనిచ్చాను. కారు ఒక్క ఊపున లారీని దాటేసింది. ఇంజిన్ పాట పాడింది. నేనూ పాడేవాణ్ణే, పక్కన పళ్ళ డాక్టరు ఉందని నోరు తెరవలేదు.

“అంత గుడ్డిగా నమ్మేశారేంటి? నేను తప్పు చెప్పుంటే?”

“ఇద్దరం కలిసే పోయేవాళ్ళం.”

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. చెవి మాత్రం ఎర్రబడింది. వాన సన్నగా మొదలైంది. పైకప్పు వెయ్యాలని ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

తిరిగి వచ్చేసరికి నా పని అయిపోయింది. కారు కావాలి. కానీ డబ్బిచ్చి తాళం తీసుకుంటే ఇంక ఈ ఇంటికి ఏ మొహం పెట్టుకుని రాను? అప్పుడు నా బుర్రలోకి ఒక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది.

“ఎడమ తలుపు కింద కాస్త తుప్పు ఉన్నట్టుంది అగాయ్. ఆలోచించుకుని మళ్ళీ వస్తాను,” అన్నాను.

పెద్దాయన మొహం వాడిపోయింది. మోల్దిర్ నా వైపు చూసిన చూపుకి పుచ్చిన పన్ను దానంతటదే ఊడిపోవాలి.

మళ్ళీ వచ్చాను. మూడో గేరులో ఏదో చప్పుడు అన్నాను. ఇంకోసారి వచ్చాను. పైకప్పు కారుతుందేమో అన్నాను. వచ్చినప్పుడల్లా పాలు పోసిన టీ, నూనెలో వేయించిన వేడి వేడి బౌర్సాక్ రొట్టెలు, చెర్రీ జామ్. పెద్దాయన తన గుర్రాల కబుర్లు చెప్పేవాడు. మోల్దిర్ ఎదురుగా కూర్చుని నా అబద్ధాల్ని ఒక్కొక్కటే పీకేది.

“మూడో గేరులో చప్పుడా? మీ మోకాలు టేబుల్‌కి కొట్టుకుంటున్న చప్పుడు కాదు కదా?”

ఎంత తిడితే అంత బాగుండేది. పాపిష్టివాణ్ణి, నేను వెళ్ళాక ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఆలోచించలేదు.

ఒకరోజు గుమ్మం దగ్గరే ఆపేసింది.

“నిజం చెప్పండి. కారు కావాలా, వద్దా? అస్తానా నుంచి ఒకాయన వీడియోలో చూసి సరే అన్నాడు. శనివారం వస్తానన్నాడు. నాన్నకేమో మీకే ఇవ్వాలని ఉంది. మీలో ఏం చూశాడో ఆయనకే తెలియాలి.”

“మీకు?”

“నాకు మీ బేరాలంటే అసహ్యం.”

శుక్రవారమే వెళ్ళి కొనేశాను. చెప్పిన ధరకి ఒక్క పైసా తగ్గించమనలేదు. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఊపి, అరచేతులు తెరిచి దీవించాడు. ఆ తర్వాత కారులోకి వంగి చాలాసేపు ఉండిపోయాడు. వీడ్కోలు చెప్పుకుంటున్నాడు, మనం చూడకూడదని నేను అటు తిరిగి నిలబడ్డాను. ఆయన ఏదో జేబులో వేసుకుని, వెనక్కి చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

సీట్లో కూర్చుని గేరు మీద చెయ్యి వేస్తే అరచేతిలో ఇనుము గుచ్చుకుంది. గేరు రాడ్డు తల మీద ఉండాల్సిన చెక్క గుండు లేదు. బోడి మర ఒక్కటే ఉంది.

పరధ్యానంగా విప్పేసుకున్నాడు పాపం అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఎగిరి గంతేశాను. మళ్ళీ రావడానికి సాకు దొరికింది కదా!

ఆ రెండు రోజులూ కారు నడిపానన్న మాటే గానీ, ఒట్టు, సుఖం లేదు. ఎర్ర కారులో, తెరిచిన పైకప్పు కింద, ఒంటరిగా, ఉల్లిపాయల లారీ వెనక కొండ మొదలుదాకా ఈగలా అంటుకుని వెళ్ళాను. దాటమని చెప్పేవాళ్ళు లేరు. నాకు కారు కంటే ఆ అమ్మాయే కావాలని అప్పుడు గట్టిగా అర్థమైంది.

ఆదివారం చాక్లెట్ డబ్బా పట్టుకుని హుషారుగా వెళ్ళాను. పెద్దాయన సంతోషంగా లోపలికి పిలిచాడు. మోల్దిర్ టీ పోసింది. పర్లేదు, జామ్ కూడా నా వైపు జరిపింది.

“అగాయ్, గేరు గుండు మీ దగ్గర ఉండిపోయినట్టుంది. అది కూడా ఇచ్చేస్తే తీసుకెళ్తాను.”

పెద్దాయన చేతిలో కప్పు పెదాల దాకా వెళ్ళి ఆగింది.

“ఏమన్నావ్?”

“అదే, గుండు. కారుతో పాటు రావాల్సిందే కదా.”

పెద్దాయన కప్పు కింద పెట్టాడు. లేవడానికి టేబుల్ పట్టుకున్నాడు. “మోల్దిర్, ఇతనికి కోటు ఇచ్చి పంపించు,” అని లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు.

గుమ్మం దగ్గర ఆవిడ కళ్ళలో నీళ్ళు.

“మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా? ఎవరూ ఏమీ నేర్పలేదా? ఆయన మీ గురించి రోజూ ఎంత మంచిగా చెప్పేవాడో...”

“అసలు నేనేం చేశాను?”

తలుపు మూసేసింది.

ఇంటికెళ్ళి మా అజెకి, అంటే మా నాయనమ్మకి, జరిగిందంతా చెప్పాను. వింటూ వింటూ చేతిలో ఉన్న గిన్నెలు తుడిచే గుడ్డతో వీపు మీద చెళ్ళున ఒకటి ఇచ్చింది.

“ఓరి దరిద్రుడా! వాళ్ళని కళ్ళెం అడిగావా?”

“కళ్ళెం ఎక్కడుంది అజె? గేరు గుండు!”

“గుర్రాలవాడికి అదే కళ్ళెం! మనవాళ్ళు గుర్రాన్ని అమ్మితే కళ్ళెం అమ్ముతారా? అది విప్పి ఇంట్లో దాచుకుంటారు. దానితో పాటే ఇంటి కళ, ఇంటి భాగ్యం ఆగుతాయి. లేకపోతే గుర్రం వెనకాలే పోతాయి. కొన్నవాడు కళ్ళెం కూడా ఇమ్మన్నాడంటే, మీ ఇల్లు గుల్లయిపోవాలి అన్నట్టే. అపార్ట్‌మెంట్లో, బొమ్మ గుర్రాల మధ్య పెరిగావు, నీకేం తెలుస్తుంది! పో, వెళ్ళి కాళ్ళ మీద పడు. మన ఇంటి మర్యాద అంతా మంటగలిపావు కదరా.”

మర్నాడు డ్యూటీ దిగి అటే వెళ్ళాను. జోరున వాన. తండ్రీకూతుళ్ళు వరండాలో టీ తాగుతున్నారు. నేను వరండా ఎక్కలేదు, వానలోనే నిలబడ్డాను.

“అగాయ్, నాకు కళ్ళెం వద్దు. ఆ సంగతి తెలీక అడిగాను, క్షమించండి. ఇంకోటి కూడా చెప్పాలి. కారుకి తుప్పు లేదు.”

పెద్దాయన తల ఎత్తాడు. “లేదా?”

“లేదు.”

“మూడో గేరు చప్పుడు?”

“అదీ లేదు. పైకప్పు కారదు. అన్నీ అబద్ధాలే. అలాంటి కారు ఈ ఊళ్ళో ఇంకోటి లేదు. కొనేస్తే మళ్ళీ రావడానికి వీలుండదని వంకలు పెట్టాను. నేను వచ్చింది...” నోరు ఎండిపోయింది, అంత వానలో కూడా. “మీ అమ్మాయి కోసం. నాకు ఆవిడంటే ఇష్టం. కారు వెనక్కి తీసుకుంటానంటే ఇచ్చేస్తాను. ఆవిడ్ని మాత్రం ఒక్కసారి నా వైపు చూడమనండి.”

“ఒరేయ్!” అని గర్జించాడు పెద్దాయన. “నువ్వన్న తుప్పు కోసం ఈ మోకాళ్ళతో బండి కింద దూరి పొద్దుట్నుంచి సాయంత్రందాకా వెతికాను రా! దొరక్కపోతే నా కళ్ళు కూడా పోయాయని ఏడ్చాను! మా అమ్మాయి కావాలంటే మా అమ్మాయి కావాలని అడగాలి. నా బండి మీద నిందలేస్తావా?”

“తప్పే, అగాయ్.”

“నాన్నా,” అంది మోల్దిర్. ఆ గొంతులో ఉన్నది ఏడుపో నవ్వో తెలియలేదు. “ఆ గుండు ఇటివ్వు.”

“ఇంటి భాగ్యం తల్లీ. గడప దాటించకూడదు.”

“ఇతనికి ఇమ్మనడం లేదు. నాకివ్వు. నాతో వెళ్తుంది, నాతో తిరిగొస్తుంది.”

పెద్దాయన కూతుర్ని చూశాడు. వానలో నానుతున్న నన్ను చూశాడు. జేబులోంచి గుండు తీసి కూతురి చేతిలో పెట్టాడు.

“రాత్రి భోజనం వేళకి రెండూ ఇంట్లో ఉండాలి,” అన్నాడు నాతో. “గుండూ, పిల్లా.”

మోల్దిర్ తన చేత్తోనే గుండు బిగించి పక్క సీట్లో కూర్చుంది.

“ఆ పుచ్చిన పన్ను చూపించుకున్నావా?” అని అడిగింది. మొదటి రోజు దొంగనుకుని అరిచాక, ఆవిడ నన్ను “నువ్వు” అనడం అదే. ఆ ఒక్క మాటకి నా ఒళ్ళంతా వెచ్చబడింది.

ఆ తర్వాత అదే మాకు అలవాటైపోయింది. సాయంత్రం కోటు జేబులో గుండు వేసుకుని దిగేది, బిగించేది. కొండ మీదికి వెళ్ళి మొక్కజొన్న పొత్తులు తిని వచ్చేవాళ్ళం. గుమ్మం ముందు మళ్ళీ విప్పి జేబులో వేసుకునేది. పైనుంచి పెద్దాయన, “వచ్చిందా?” అని అరిచేవాడు. “వచ్చింది!” అని ఇద్దరం అరిచేవాళ్ళం. దేని గురించి అడిగేవాడో మేమెప్పుడూ తేల్చుకోలేదు.

ఎండలు ముదిరాక ఒకరోజు, బజారు దగ్గర సిగ్నల్‌లో ఆగి ఉన్నాం. మోల్దిర్ గుండుని అటూ ఇటూ కదిపి చూసింది. కాస్త వదులుగా ఉంది.

“అల్దియార్, రోజూ ఇలా విప్పుతూ బిగిస్తూ ఉంటే మర అరిగిపోతుంది.”

“కొత్తది చేయించనా?”

“తెలివితక్కువవాడా! మీ అజెని కమ్మలు తీసుకుని మా ఇంటికి రమ్మను.”

మా వాళ్ళలో అబ్బాయి తరఫు ఆడవాళ్ళు వచ్చి అమ్మాయి చెవులకి కమ్మలు పెట్టారంటే, పిల్ల ఖాయమైనట్టే. పచ్చలైటు పడింది. నా కాలు క్లచ్ మీంచి జారిపోయింది. కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. వెనక బస్సువాడు హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు.

“రేపే తీసుకొస్తాను,” అన్నాను, ఏడుపొచ్చేస్తుంటే.

“రేపు కుదరదు, సాయంత్రందాకా పేషెంట్లు ఉన్నారు,” అంది. నా చెయ్యి తీసి గుండు మీద పెట్టి, దాని మీద తన చెయ్యి వేసింది. “ఎల్లుండి రండి. అందరూ రండి.”